రూపం మారాక ఏం మిగలాలి?
బల్లమీది ఆటల్లో పరివర్తన మంత్రాల మీద యాభై ఏళ్ల వాదన

నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని మాటలతోనే ఆడతారు. ఫలితం అనుమానంగా ఉన్నచోట పాచిక వేస్తారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట పద్ధతి ఇదే, దాని తర్వాత వచ్చిన వందలాది ఆటలదీ ఇదే.

ఈ ఆటల్లో నిప్పులు కురిపించే మంత్రం మీద పెద్దగా తగువులు రావు. ఎంత దూరం పోతుందో, ఎంత దెబ్బ తీస్తుందో పుస్తకంలో రాసి ఉంటుంది. తగువులన్నీ పరివర్తన మంత్రాల దగ్గరే. రాయిని బురద చేసేవి, మనిషిని మృగం చేసేవి, వస్తువును పెంచేవి, కుదించేవి ఇంగ్లిష్ పుస్తకాల్లో ట్రాన్స్‌మ్యుటేషన్ శాఖ కింద ఉంటాయి. దేన్ని మార్చాలో, మార్చి ఏం సాధించాలో ఆటగాడి బుర్రకే వదిలేస్తారు. తాళంలో నీళ్లు పోసి గడ్డకట్టిస్తే తాళం పగులుతుందా? శత్రువు ఒంట్లో రక్తం కూడా నీళ్లే కదా, దాన్ని గడ్డకట్టించవచ్చా? మొదటి ప్రశ్నకు బల్ల చుట్టూ చప్పట్లు కొడతారు, రెండోదానికి ఆట ఆగిపోయి వాదన మొదలవుతుంది. ఆ రెంటి మధ్య గీత ఎక్కడుందన్నదే ఈ వ్యాసం విషయం.

వాదన పుట్టిన తీరు

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన మొదటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకాల్లోనే రూపం మార్చే మంత్రాలు, రాయిని బురద చేసే మంత్రం, గోడలో దారి చేసే మంత్రం ఉన్నాయి. ఒక్కోదానికి రెండుమూడు వాక్యాల వివరణ, అంతే. శాఖలు లేవు. యుద్ధ నమూనా ఆటల నుంచి పుట్టిన ఆట కాబట్టి, ఖాళీలను కథ నడిపే నిర్వాహకుడు తన తీర్పుతో పూరించుకుంటాడని రచయితల నమ్మకం.

1978 నాటి అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకం ప్రతి మంత్రానికీ ఒక జాతి పేరు తగిలించింది. పరివర్తన మంత్రాలకు అప్పటి పేరు ఆల్టరేషన్. దాంతోపాటు కఠినమైన మూల్యాలు వచ్చాయి. ఇతరుల రూపం మార్చే మంత్రం తగిలినవాడి దేహం ఆ కుదుపును తట్టుకోవాలి, లేదంటే ప్రాణం పోతుంది. తట్టుకున్నా, రోజులు గడిచేకొద్దీ మనసు కూడా ఆ జంతువుదే అయిపోయే ప్రమాదం ఉంది. వేగం పెంచే మంత్రం ఒక ఏడాది వయసు తినేసేది. ఈ మూల్యాలు చాలామంది ఆటగాళ్లకు నచ్చలేదు. వాటిలో ఒక వివేకం ఉందని మాత్రం ఒప్పుకోవాలి. రూపం మారడాన్ని చొక్కా మార్చుకున్నంత తేలిక చేయకూడదని ఆ పుస్తకం పట్టుబట్టింది.

2000లో వచ్చిన మూడో ఎడిషన్ శాఖ పేరును ట్రాన్స్‌మ్యుటేషన్ చేసింది, పాత మూల్యాలను చాలావరకు తీసేసింది, ప్రతి జంతువుకూ రాక్షసికీ మనుషులతో సమానంగా పూర్తి గణాంకాలు ఇచ్చింది. ఇక్కడే చిక్కు ముదిరింది. రాక్షసుల పుస్తకం ఎంత లావైతే రూపం మార్చే మాంత్రికుడు అంత బలవంతుడయ్యాడు. కొత్త రాక్షసి అచ్చయిన ప్రతిసారీ అతనికి కొత్త ఆయుధం దొరికినట్టే. ప్రచురణకర్తలు సవరణల మీద సవరణలు చేశారు, 2006లో ఈ మంత్రాలకు ప్రత్యేకంగా ఒక ఉపశాఖే పెట్టారు. 2009లో పాత్‌ఫైండర్ ఆట ఈ ముడిని మరోలా విప్పింది. ఒకే మంత్రాన్ని జంతురూపం, భూతరూపం, డ్రాగన్ రూపం అంటూ ముక్కలు చేసి, ఏ రూపానికి ఏ బలం వస్తుందో ముందే రాసిపెట్టింది. 2008 నాటి నాలుగో ఎడిషన్ అయితే పాత శాఖల విభజననే పక్కన పెట్టింది.

2014 నాటి అయిదో ఎడిషన్ శాఖలను తిరిగి తెచ్చి, రూపం మార్చే మంత్రానికి మూడు కంచెలు వేసింది: జంతువు మాత్రమే, బలం స్థాయికి మించకూడదు, గడువు గంట. 2024 సవరణలో మరో మార్పు ఉంది. మాంత్రికుల ఉపవర్గాల్లో రక్షణ, జోస్యం, ఎవొకేషన్, భ్రమ శాఖలవాళ్లకే చోటు దక్కింది. పరివర్తన మాంత్రికుడు ఆ ప్రధాన పుస్తకంలో లేడు. మంత్రాలు ఉన్నాయి కానీ వాటినే జీవితంగా పెట్టుకున్న పాత్ర లేకుండా పోయింది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. యాభై ఏళ్లుగా తేలని తగువు పుస్తకం రూపాన్నే ఎలా మార్చిందో చెప్పే గుర్తు అది.

అక్షరం, ఆంతర్యం, అద్భుతం

వాదనలో ప్రధానంగా మూడు పక్షాలున్నాయి.

మొదటిది అక్షరపక్షం. పుస్తకంలో ఏముందో అదే చెల్లుతుందంటారు వీళ్లు. వస్తువులు తయారుచేసే ఫ్యాబ్రికేట్ మంత్రం వీరికి ఇష్టమైన ఉదాహరణ. 2014 నియమాల ప్రకారం నిలువెల్లా కప్పే పలకల కవచం ధర 1500 బంగారు నాణేలు. ముడిసరుకు అందులో సగం. మామూలు కమ్మరి రోజుకు 5 నాణేల విలువైన పనే చేయగలడు కాబట్టి ఆ కవచానికి 300 రోజులు పడుతుంది. మంత్రంతో పది నిమిషాలు. కమ్మరి పనిముట్లు వాడటం మాంత్రికుడికి వచ్చి ఉండాలన్నదే షరతు. అక్షరపక్షం ప్రకారం ఇది పూర్తిగా న్యాయం. మంత్రం నేర్చుకున్నాడు, పని నేర్చుకున్నాడు, ఫలితం పొందాడు. ఈ పక్షం బలం న్యాయబుద్ధి. నిర్వాహకుడికి నచ్చినవాడికి ఒక తీర్పు, నచ్చనివాడికి ఒకటి ఉండదు. బలహీనత కూడా ఇక్కడే ఉంది. ఆ ఊళ్లో కమ్మరులంతా ఏమైపోతారన్న ప్రశ్న దీనికి పట్టదు.

రెండోది ఆంతర్యపక్షం. రాసినవాడు ఏ ఉద్దేశంతో రాశాడో చూడమంటుంది. రక్తం ప్రశ్నకు ఈ పక్షం జవాబు సూటిగా ఉంటుంది: నీటిని మలిచే చిన్న మంత్రం మాంత్రికుడి కంటికి కనిపించే నీటి మీదే పనిచేస్తుంది, ఒంట్లోని రక్తం కనిపించదు, అసలు చిన్న మంత్రంతో ప్రాణం తీయించడం రచయిత ఉద్దేశమే కాదు. ఇరుకు గుహలో శత్రువును రెండింతలు పెంచి గోడలకు నలిపేస్తానన్న ఆటగాడికీ ఇదే సమాధానం. అయితే అక్కడ పుస్తకం కూడా తోడొచ్చింది. చోటు చాలకపోతే పట్టినంతే పెరుగుతాడని 2014 నియమంలో స్పష్టంగా ఉంది.

మూడోది అద్భుతపక్షం. ఆలోచన బాగుంటే ఒప్పుకోవాలన్నది వీరి సూత్రం. పాతకాలపు ఆటను పునరుద్ధరించాలనుకున్నవాళ్లు దీనికి కాస్త సిద్ధాంతబలం ఇచ్చారు. మ్యాట్ ఫించ్ 2008లో రాసిన చిన్న పుస్తకంలో నిబంధనల కంటే అప్పటికప్పటి తీర్పు మేలన్న వాదన చేశాడు. ఈ పక్షం పుణ్యాన ఆటలు నిజంగానే బాగుపడ్డాయి. రాయిని బురద చేసే మంత్రాన్ని గుహ పైకప్పు మీద వేసి కింద ఉన్నవాళ్ల మీద బురద కూల్చే ఎత్తు ఇప్పుడు ఎవరి వాదనా అక్కర్లేని విషయం. 2014 తరం నియమాల్లో మంత్రం వివరణలోనే ఆ ప్రయోగమూ ఉంది, అది తీసే దెబ్బ కూడా ఉంది.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి కనిపిస్తుంది. అక్షరపక్షానికి భయం పక్షపాతం, ఆంతర్యపక్షానికి భయం ఆట చెడిపోవడం, అద్భుతపక్షానికి భయం విసుగు. మూడు భయాలూ న్యాయమైనవే. మూడు పక్షాలూ అడిగే ప్రశ్న మాత్రం ఒకటే: హద్దు ఎవరు గీయాలి? వాదన ఇన్నేళ్లుగా ముందుకు కదలకపోవడానికి కారణం ఆ ప్రశ్నేనని నా అభిప్రాయం. పరివర్తన మంత్రం విషయంలో అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. రూపం మారాక మారకుండా మిగిలేది ఏది?

వేరే ఆటలు చెప్పిన జవాబులు

జొనాథన్ ట్వీట్, మార్క్ రైన్ హేగెన్ 1987లో తెచ్చిన ఆర్స్ మాజికా ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చింది. అందులో మంత్రాల చిట్టా కంటే మంత్రవ్యాకరణం ముఖ్యం. సృష్టించు, తెలుసుకో, మార్చు, నాశనం చెయ్యి, నడిపించు అనే అయిదు క్రియలను నీరు, నేల, దేహం, మనసు వంటి నామాలతో కలుపుకోవాలి. దేహాన్ని మార్చడం ఒక విద్య, మనసును మార్చడం వేరే విద్య. మార్పు గడువు ఉన్నంతసేపే, ఆ తర్వాత వస్తువు తన సహజ స్థితికి వచ్చేస్తుంది. అంటే మారని స్వభావం ఒకటి ఉందని ఆట పునాదిలోనే ఒప్పుకుంది.

1993 నాటి మేజ్: ది అసెన్షన్ మూల్యాన్ని సాక్షుల చేతిలో పెట్టింది. మామూలు మనుషులు చూస్తుండగా ప్రపంచ నియమాలను బాహాటంగా మీరితే ప్రపంచమే ఎదురుదెబ్బ కొడుతుంది. సృజనకు అడ్డు చెప్పకుండానే దానికి బరువు ఇచ్చిన పద్ధతి ఇది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ మాత్రం ఒకే పుస్తకంలో రెండు జవాబులు ఇచ్చి ఊరుకుంది. 2014 ఎడిషన్‌లో వనసాధకుడు తన విద్యతో తోడేలైతే అతని తెలివి, వివేకం అతనివే. అదే తోడేలు రూపం మాంత్రికుడి మంత్రంతో వస్తే స్వభావం మిగులుతుంది కానీ తెలివి తోడేలుదే. ఎందుకీ తేడా అని ఆటగాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఆట తూకం కోసమన్నదే దొరికే సమాధానం, కథలోంచి వచ్చే సమాధానం లేదు.

మన కథల్లో ఈ లెక్క

ఆ సమాధానం కావలసినవాళ్లు మన కథల వైపు చూడాలి. తెలుగువాళ్లు వింటూ చదువుతూ చూస్తూ పెరిగిన కథల్లో రూపం మారడం కొత్త కాదు. మారినప్పుడు ఏం మిగిలిందన్నది మాత్రం ఒక్కో కథలో ఒక్కో తీరుగా, చాలా జాగ్రత్తగా తేల్చి ఉంటుంది.

సురస ఘట్టం చూడండి. సముద్రం మీద హనుమంతుణ్ణి ఆపి, తన నోట్లో దూరకుండా ఎవరూ పోలేరన్న వరం ఉందంటుంది. హనుమంతుడు పెరుగుతాడు, ఆమె నోరు అంతకంటే పెరుగుతుంది. మళ్లీ పెరుగుతాడు, మళ్లీ తెరుస్తుంది. ఉన్నట్టుండి బొటనవేలంత అయిపోయి, నోట్లో దూరి బయటికి వచ్చేస్తాడు. వరం చెల్లింది, ప్రయాణం ఆగలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. పెంచే కుదించే మంత్రానికి ఇంతకంటే సృజనాత్మకమైన ప్రయోగం ఏ బల్ల దగ్గరా జరిగి ఉండదు. హనుమంతుడు ఇక్కడ నియమాన్ని ఎక్కడా తెంచలేదు. ఎదుటివారి నియమాన్ని అక్షరాలా పాటించే గెలిచాడు. అక్షరపక్షమూ అద్భుతపక్షమూ ఒక్కచోట కలిసే ఘట్టం ఇది.

నలుడి కథలో లెక్క వేరు. కర్కోటకుడి కాటుతో నలుడు కురూపి బాహుకుడవుతాడు. ముఖం పోయింది, రాజసం పోయింది. అశ్వవిద్య పోలేదు, వంట పోలేదు. ఆ వంట రుచి చూసే దమయంతి అతన్ని పోల్చుకుంటుంది. మాంత్రికుడి మంత్రం పద్ధతిలో గణాంకాలన్నీ మార్చేసి ఉంటే ఈ కథే లేదు. నహుషుడు కొండచిలువ అయినా జ్ఞాపకం పోగొట్టుకోలేదు. భీముణ్ణి చుట్టేసి కూడా, ధర్మరాజును ధర్మసందేహాలు అడిగి, జవాబులతోనే విముక్తి పొందాడు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది బృహన్నల కథ. ఊర్వశి శాపం అర్జునుడికి శిక్షగా వచ్చింది. ఇంద్రుడు దానికి ఏడాది గడువు పెట్టాడు. ఆ గడువును అర్జునుడు దాచుకుని, అజ్ఞాతవాసం ఏడాదికి సరిగ్గా వాడుకున్నాడు. శత్రువు వేసిన మంత్రాన్నే తనకు కవచం చేసుకోవడం, గడువును బరువుగా చూడకుండా పనిముట్టుగా చూడటం ఇందులో ఉన్నాయి. విరాటుడి కొలువులో నాట్యం నేర్పిన చేతులే ఉత్తర గోగ్రహణంలో గాండీవం పట్టాయి. చిత్తూరు పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల తిరునాళ్లలో పగలు హరికథ చెబుతారు, రాత్రి వీధినాటకం ఆడతారు. భారతమంతా రోజుల తరబడి నడిచే ఆ తిరునాళ్లు తెలిసిన ఊరికి ఈ మెలిక విడమరచి చెప్పాల్సిన పనిలేదు.

చీకటి వైపు కూడా మనవాళ్లు చూశారు. పెద్దన మనుచరిత్రలో వరూధిని వలచినా ఆమెను కాదన్న ప్రవరుడి రూపం ధరించి గంధర్వుడు ఆమెను చేరతాడు. ఆమె కళ్లు మూసుకోవాలని షరతు పెడతాడు. రూపం దొరికింది, ప్రవరుడి నిష్ఠ దొరకలేదు. వరూధిని మనసు నిండా ఉన్నది ప్రవరుడే కాబట్టి పుట్టిన స్వరోచికి ఆ తేజస్సు వచ్చింది. మోసం ఎవరిది, నష్టం ఎవరిది అన్న ప్రశ్న ఆ కావ్యం చదివిన ప్రతి తరానికీ ఎదురవుతుంది. పరరూపం ధరించి మనుషులను వశం చేసుకోవడాన్ని సరదా ఎత్తుగడగా చూసే ఆటగాళ్లు ఈ ఘట్టం ముందు ఒక్క క్షణం ఆగాలి.

తాడిపత్రి ప్రాంతంలో పుట్టిన కె.వి.రెడ్డి 1957లో తీసిన మాయాబజార్ వెలుగు వైపుకు కొండగుర్తు. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో పెళ్లింట తిరుగుతుంటే తెరమీద ఉన్నది సావిత్రి, నడకలో దర్పం మాత్రం ఎస్.వి.రంగారావు ఘటోత్కచుడిదే. రూపం పూర్తిగా మారింది, స్వభావం దాగలేదు, వినోదమంతా ఆ సందులోంచే పుట్టింది. రూపం మార్చుకున్న పాత్రను ఎలా ఆడాలో నేర్చుకోవాలంటే నియమాల పుస్తకం కంటే ఆ సన్నివేశాలే మంచి పాఠం.

కాణిపాకం దగ్గర పెట్టి చూస్తే

చిత్తూరుకు దగ్గర్లో, ఇరాల మండలంలో, బాహుదా నది ఒడ్డున ఉన్న కాణిపాకం క్షేత్రగాథలు ఈ చర్చలో రెండు చిక్కుముడుల మీద వెలుగు వేస్తాయి.

మొదటిది ఏ మంత్రం ఏ శాఖది అన్న తగువు. బాహుదతో ముడిపడిన శంఖలిఖితులనే అన్నదమ్ముల కథ మహాభారతం శాంతిపర్వంలో ఉంది. అన్న తోటలో పండ్లు అడగకుండా తిన్నందుకు లిఖితుడు తనే వెళ్లి రాజు చేత శిక్ష వేయించుకుంటాడు. రాజు చేతులు నరికిస్తాడు. అన్న మాట మీద బాహుదలో మునిగితే చేతులు తిరిగి వస్తాయి. పోయిన అవయవాన్ని తిరిగి మొలిపించే మంత్రం 2000 ఎడిషన్‌లో ఆవాహన శాఖలో ఉండేది, 2014కు పరివర్తన శాఖలోకి వచ్చింది. మామూలు గాయం మాన్పే మంత్రం ఇంకా ఎక్కువ తిరిగింది. 1978లో మృతవిద్య, 2000లో ఆవాహన, 2014లో ఎవొకేషన్, 2024లో రక్షణ. శాఖ పేరు చూసి హద్దు తేల్చాలనుకునేవాళ్లకు ఇంతకంటే హెచ్చరిక అక్కర్లేదు.

ఆ కథలో ఇంకా లోతైన మాట ఉంది. నీ తపస్సుతో నన్ను ముందే ఎందుకు పావనం చేయలేదని లిఖితుడు అడుగుతాడు. శిక్షించే అధికారం రాజుది, నాది కాదంటాడు శంఖుడు. పరివర్తన శక్తి చేతిలో ఉన్నా, ధర్మం తన దారిన నడిచాకే అది పనిచేసింది. మంత్రం పర్యవసానాన్ని రద్దు చేయదు, దాని తర్వాతే వస్తుంది. కవచాలు పది నిమిషాల్లో చేసే మాంత్రికుడి ఊళ్లో కమ్మరులు ఏం చేస్తారన్న ప్రశ్నకు నిర్వాహకుడు వెతకాల్సిన జవాబు ఈ దారిలోనే ఉంది.

రెండోది సాక్ష్యం. కాణిపాకంలో స్వామి ముందు చేసే ప్రమాణానికి జనంలో ఉన్న విలువ తెలియనివాళ్లు ఈ సీమలో అరుదు. అప్పులు, ఆస్తులు, నిందలు, చివరికి రాజకీయ ఆరోపణలు కూడా కాణిపాకంలో ప్రమాణం చేస్తావా అన్న సవాలు దగ్గరికి వస్తాయి. దీన్ని ఆటకు అన్వయించి చూడవచ్చు. 2014 పుస్తకంలో పరివర్తన మాంత్రికుడికి ఒక చిన్న రసవిద్య ఉంది. రాయిని, చెక్కను, రాగిని గంటపాటు వెండిగా మార్చగలడు. సంతలో ఆ వెండితో ఎద్దులు కొని గంటలోపు ఊరు దాటడం ఆటగాళ్లకు మొదట తట్టే ఎత్తు. అక్షరపక్షం ఒప్పుకుంటుంది, ఆంతర్యపక్షం ముఖం చిట్లిస్తుంది. మూడో దారి ఉంది. మోసపోయిన రైతు పంచాయతీ పెట్టించి, ప్రమాణానికి రమ్మంటాడు. వెండి మళ్లీ రాయి అయింది. నువ్వన్న మాట మాత్రం అలాగే ఉంది. నియమాన్ని అడ్డం పెట్టకుండా, పాచిక వేయకుండా, ఆ ఎత్తుగడ అక్కడ మంచి కథగా మారుతుంది.

తేలనివి

కొన్ని తగువులు ఇంకా తేలలేదు.

సమ్మతి వాటిలో ముఖ్యమైనది. సాటి ఆటగాడి పాత్రను అతన్ని అడగకుండా మహావానరాన్ని చేసేయడం 2014 నియమాల్లో గొప్ప ఎత్తుగడ. ఆ వానరానికి 157 ప్రాణబిందువులు, అవి అయిపోతే మనిషి తన రూపంలో క్షేమంగా తేలతాడు. 2024 సవరణ ఆ లాభానికి కొత్త లెక్క కట్టింది, అడగాలా వద్దా అన్నది మాత్రం ముట్టుకోలేదు. యుద్ధం మధ్యలో అడిగే తీరిక ఉండదంటారు కొందరు. నా ఉద్దేశంలో ఆట మొదలుకాక ముందే అడగాలి. పాత్ర ఆటగాడి సొంతం, దాని దేహం కూడా.

సమయం ఇంకొక తగువు. సృజనాత్మక ప్రయోగం ఒక్కోటి పది నిమిషాల చర్చ తింటుంది. చురుకైన ఒక్క మాంత్రికుడు సాయంత్రమంతా తానే మాట్లాడితే, కత్తి పట్టిన పాత్ర తీసుకున్నవాడు చూస్తూ కూర్చుంటాడు. దీనికి ఏ పక్షం దగ్గరా సరైన మందు లేదు.

చివరిది మన ప్రాంతానికే ప్రత్యేకమైనది. కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరుమల వంటి జీవక్షేత్రాలను ఆటలోకి తేవచ్చా? క్షేత్రగాథలను వీధినాటకాలు, హరికథలు, సినిమాలు వాడుకున్నాయి కాబట్టి ఆటకు అడ్డేమిటని ఒక వాదం. నాటకంలో కథ తెలిసిందే, ఆటలో పాచిక ఏం చెబుతుందో తెలియదు, దైవాన్ని పాచికకు వదలకూడదని ఇంకో వాదం. రెండో వాదంలో నాకు నిజం కనిపిస్తుంది. కాణిపాకం స్వామి మూర్తి పెరుగుతోందన్నది భక్తుల నమ్మకం. దాన్ని పెంచే మంత్రం పక్కన గణాంకంగా రాయడం ఆ నమ్మకాన్ని చిన్నబుచ్చడమే. నది, సంత, పంచాయతీ, ప్రమాణం మాత్రం మనుషులవి. వాటి మధ్య ఆడే ఆటలో రైతుకు, కమ్మరికి, మాంత్రికుడికి, సాక్షికి చోటుంది. గర్భగుడి గడప దగ్గర నిర్వాహకుడు వర్ణన ఆపేసి పాత్రలను మాట్లాడనిస్తే ఈ తగువు చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా తీరుతుందని మాత్రం ఇరుపక్షాలవాళ్లూ ఒప్పుకోవడం లేదు.